పాదరసం పట్టిన బంగారం

అమీర్ కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. గోరు ఉండాల్సిన చోట నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది.

"ఎవరు పీకారు?" అంది గ్లోరి.

"జీపు తలుపులో పడి నలిగింది మేడమ్." అతను తల ఎత్తలేదు. "అట్టాగే చెప్పమన్నారు."

అది లాకప్పు కాదు. దొంగ బంగారం కేసుల కోసం వేసిన స్పెషల్ టీము తిరువూరులో మకాం పెట్టిన అద్దె ఇంట్లో ఒక సామాన్ల గది. మూలన పాత సైకిలు, రెండు సిమెంటు బస్తాలు, గోడకి ఆనుకుని ఇరవయ్యారేళ్ళ అమీర్. పెదవి చీలిపోయి ఉంది. ఎడమకన్ను వాపులో పూడిపోయింది. రబ్బరు బెల్టు దెబ్బలు చొక్కా చిరుగుల్లోంచి వరసగా కనిపిస్తున్నాయి.

గ్లోరి పోలీసు ఉద్యోగం వదిలేసి బెజవాడలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి గదులను మూయించడానికే సగం ఓపిక ఖర్చయిపోయింది. నిన్న మధ్యాహ్నం అమీర్ తల్లి రహమత్‌బీ ఆమె ఆఫీసు మెట్ల మీద కూలబడి, "నా కొడుకు చంపలేదమ్మా. చంపితే పొద్దున్నే మళ్ళీ పనికి ఎందుకు పోతాడు?" అని అడిగింది. గ్లోరిని తిరువూరు రప్పించింది ఆ ఒక్క ప్రశ్నే.

చనిపోయింది హనుమయ్య. మామిడితోటల ఆసామి, టౌన్లో బంగారం కొట్టు ఉంది. మొన్న సాయంత్రం ఎ.కొండూరు రోడ్డులో ఉన్న తన తోట షెడ్డులో ఎవరో తల పగలగొట్టారు. నిన్న పొద్దున శవాన్ని మొదట చూసిందీ, కేకలు వేసి జనాన్ని పిలిచిందీ అమీరే.

"షెడ్డులో నీ పనేంటి?"

"సీమలో మూతబడ్డ గని నుంచి రాళ్ళపొడి వస్తది మేడమ్, మామిడికాయల ట్రేల అడుగున. దాన్ని నీళ్ళతో డ్రమ్ములో పోసి పాదరసం కలిపి తిప్పుతా. పొడిలో ఎంత బంగారం ఉంటే అంత పాదరసం మింగేస్తది. రాయి కొట్టుకుపోద్ది. మిగిలింది పంచెగుడ్డలో వేసి పిండితే గట్టిముద్ద వస్తది. తెల్లగా, వెండి మాదిరి. దాన్ని కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగుల్తది."

"మొన్న ముద్ద వచ్చిందా?"

"పెద్ద నిమ్మకాయంత. పిండి గిన్నెలో పెట్టా. మబ్బేస్తందని అయ్యగారు నన్ను పొద్దు ఉండగానే పంపేశారు. అప్పుడు ఆయన ఒక్కరే ఉన్నారు."

"దాన్ని కాల్చేది నువ్వు కాదా?"

అమీర్ చీలిన పెదవితోనే నవ్వబోయి మానుకున్నాడు. "మమ్మల్ని నమ్ముతారా? ఇంటికి పట్టుకెళ్ళి వెనక వంటగదిలో ఆయనే కాల్చుకుంటారు. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. మా మామ ఒకాయన గది తలుపులేసుకుని కాల్చాడు మేడమ్. నాలుగో రోజుకి పోయాడు. ఆ ఆవిరి కంటికి కూడా కనపడదు."

గ్లోరి అతని వేళ్ళకేసి చూసింది. "నీ చేతికి ఉంగరం మచ్చ ఉంది. ఉంగరమేది?"

"ఇంట్లో పెట్టి వస్తా. ఒంటిమీద బంగారంతో పాదరసం దగ్గరికి రాకూడదు. తగిలిందంటే బంగారం తెల్లబడిపోద్ది, పెళుసెక్కి పుటుక్కున విరిగిపోద్ది. అయ్యగారు కూడా గుమ్మం పక్కన మేకుకి ఉంగరం తగిలించే లోపలికి వస్తారు. కాలిస్తేనే మళ్ళీ పసుపు రంగు వచ్చేది."

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఎస్.ఐ. మణికంఠ నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నుదుటిన కుంకం. ట్రైనింగులో ఆరునెలలు గ్లోరి స్టేషన్లోనే చేశాడు. అప్పుడు ఆమె ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఇప్పుడు ఆమెను కూర్చోమనలేదు.

"ఏమక్కా, చెప్పాడా ముద్ద ఎక్కడ దాచాడో?" అని దగ్గాడు. పొడిదగ్గు, లోపల ఎక్కడో గీరుకుంటున్నట్టు. "నాకు చెప్పనిది నీకు చెప్తాడేమోనని లోపలికి రానిచ్చా."

"నిన్న పొద్దున పట్టుకొచ్చావు. కోర్టులో ఎందుకు పెట్టలేదు?"

"అరెస్టే చూపించలేదు కదా." మణికంఠ అమీర్ మోకాలి మీద బూటు ఆనించి, మాట్లాడుతూనే బరువు మోపాడు. కీలు కలుక్కుమంది. అమీర్ అరవకుండా పిడికిలి కొరుక్కున్నాడు. "సాయంత్రం వీణ్ణి కట్లేరు దగ్గరికి తీసుకెళ్తా. దాచిన చోటు వీడే చూపిస్తానన్నాడు. ఏరా?"

"నేను అనలేదు సార్."

"అంటావులే."

దాచిన చోటు చూపించడానికి బయల్దేరిన వాళ్ళు దారిలో పారిపోబోయి కాల్పుల్లో చనిపోవడం గ్లోరి తన సర్వీసులో రెండుసార్లు చూసింది. రెండుసార్లూ తూటా ముందు నుంచే తగిలింది. ఎక్కడా పేరు ఎక్కని మనిషి చనిపోతే లెక్క అడిగేవాళ్ళు కూడా ఉండరు.

"ముందు నాకు షెడ్డు చూపించు," అంది. "నాకూ వీడి మీద అనుమానం కుదిరితే నేనే తప్పుకుంటా. రహమత్‌బీకి నేనే సర్దిచెప్తా."

మణికంఠ బూటు తీశాడు. "పద. చూసి బస్సెక్కేసెయ్."

వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న రహమత్‌బీ లేచి నిలబడింది. "కదలకుండా ఇక్కడే ఉండు అవ్వా," అని ఆమె చేతిలో గ్లోరి తన నంబరు చీటీ పెట్టింది. "బండిలో ఎక్కిస్తే ఆ క్షణమే ఫోన్ చెయ్."

బయటికి వస్తూ గ్లోరి తలెత్తి చూసింది. ఎండ మండిపోతోంది. మేడ మీద మణికంఠ గది కిటికీలు మాత్రం అన్నీ మూసే ఉన్నాయి.

*

షెడ్డు రేకులది. గుమ్మానికి ఎడమపక్క మేకు, మేకుకి హనుమయ్య ఉంగరం. బరువైన పచ్చరాయి ఉంగరం.

"ఇది తీసుకోలేదేం, నీ దొంగ?" అంది గ్లోరి.

"కనపడలేదేమో."

"ఈ మేకు సంగతి నాకు చెప్పిందే వాడు."

మణికంఠ సీసాలో నీళ్ళు తాగబోయి ఉమ్మేశాడు. "ఈ నీళ్ళు కూడా తుప్పు కంపు," అని సీసాని తోటలోకి విసిరేశాడు. దగ్గుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

లోపల గోడవార ఇనపడ్రమ్ము ఉంది. దాని పక్కన వెడల్పాటి పళ్ళెం బోర్లాపడి ఉంది. నేల మీద పాదరసం గింజలు గింజలుగా చెదిరి, అడుగు పడ్డప్పుడల్లా వణికి పక్కకి దొర్లుతున్నాయి. రాళ్ళు దంచే ఇనపరోకలిని పోలీసులు తీసుకెళ్ళారు. అది పడున్న చోట సుద్దతో గీత గీశారు.

గ్లోరి మోకాళ్ళ మీద వంగింది. మొదటి నెత్తురు పళ్ళెం పక్కనే ఉంది, అరచేతి మేర, పెద్దగా ఏమీ కాదు. అక్కణ్ణుంచి గుమ్మం దాకా ఈడ్చుకున్న జాడ. ఆ జాడలో రెండు అరచేతుల అచ్చులు, అచ్చుల్లో పాదరసం గింజలు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రేకుగోడ మీద నెత్తురు తుంపర చెల్లాచెదురుగా చిమ్మి ఉంది. తుంపరలో జుట్టు అంటుకుని ఉంది.

"రెండు దెబ్బలు," అంది ఆమె. "మొదటిది పళ్ళెం దగ్గర. అది చంపలేదు. హనుమయ్య పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఇక్కడ రెండో దెబ్బ. పైనుంచి, రెండు చేతులా ఎత్తి కొట్టింది. పోస్టుమార్టంలో ఏం రాశారు?"

"పుర్రె పగిలిందని రాశారు. ఎన్నిసార్లు పగిలితే ఏం?"

"మొదటి దెబ్బ ఎక్కడ పడింది?"

మణికంఠ విసుగ్గా చెవి కింద చూపించాడు. "ఇక్కడ."

"అంటే కొట్టిన చెయ్యి బలమైంది కాదు. కింద నుంచి తిప్పి కొట్టింది. రెండోది బలమైన చెయ్యి. ఒకే మనిషికి మధ్యలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"కోపం వస్తే వస్తుంది. నీకు తెలీదా?"

ఆమె పళ్ళేన్ని చీపురుపుల్లతో పైకెత్తింది. అంచు కింద మడతలో పాదరసం కొంచెం నిలిచి ఉంది. ఆ పాదరసంలో సన్నటి తెల్లటి లింకులు రెండు మునిగి ఉన్నాయి, బియ్యపుగింజల్లో సగం ఉంటాయేమో. పుల్లతో బయటికి లాగి కాగితం మీద పెట్టింది. వేలితో నొక్కితే వాటిలో ఒకటి బిస్కట్టులా విరిగిపోయింది.

"వెండి," అన్నాడు మణికంఠ. గుమ్మం దగ్గర నుంచే అన్నా గొంతులో తొందర వినపడింది. "వాడి మొలతాడు ముక్క."

"చూద్దాం."

మూలన చిన్న గ్యాస్‌పొయ్యి ఉంది. గ్లోరి దాన్ని ఆరుబయటికి తెచ్చి, గాలి తన వీపు మీదుగా పోయేలా నిలబడి, విరగని లింకుని పాత గరిటెలో వేసి మంట మీద పెట్టింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తెలుపు మెల్లగా బూడిదరంగైంది. తర్వాత అడుగు నుంచి పసుపు తేలింది. మసకగా ఉన్నా అది బంగారమే.

"నానుతాడు లింకు," అంది. "ఆడమనిషి మెడలోది. పాదరసం తగిలి పెళుసెక్కింది, ఎవరో పట్టి లాగితే తెగింది. మొన్న సాయంత్రం ఇక్కడ ఒక ఆడమనిషి ఉంది మణికంఠా. అమీర్ తలకి బదులు ఎవరి మెడ చూడాలో..."

మాట పూర్తి కాలేదు. అతని పిడికిలి ఆమె చెవి కింద పడింది. రేకుగోడ ఎదురొచ్చి నుదుటికి తగిలింది. కళ్ళ ముందు తోట మొత్తం తెల్లబడింది. లేవబోతే బూటు డొక్కలో దిగింది. గ్లోరి ఆ బూటుని పట్టుకుని మెలితిప్పింది. అతను పడ్డాడు, పడుతూ ఆమె జుట్టు గుప్పిట పట్టాడు. కాలే గరిటె చేతికి అందింది. దాన్ని అతని మణికట్టుకి అదిమింది. చర్మం చుయ్యిమంది. అతను బూతు తిట్టి వదిలేసి, మళ్ళీ మోకాలితో ఆమె మొహం మీద కొట్టాడు. పన్ను ఒకటి కదిలిన చప్పుడు ఆమెకు తల లోపల వినిపించింది.

అంతలో దగ్గు అందుకుంది. మణికంఠ రెండు చేతులూ నేలకి ఆనించి, కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు. ఆయాసం తగ్గాక దుమ్ములో వెతికి లింకుని ఏరుకున్నాడు, కాగితంతో సహా. తోటబావి దగ్గరికి నడిచి, అందులో పడేసి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పక్కా. ఏ లింకు? ఏ ఆడమనిషి?"

గ్లోరి నెత్తురు ఉమ్మింది. "సాక్ష్యాన్ని పోలీసే బావిలో వేశాడంటే ఎవరో బాగా ముట్టజెప్పి ఉండాలి. ఎంత ఇచ్చింది ఆవిడ?"

మణికంఠ ఆమెకేసి వింతగా చూశాడు. ఆ చూపులో భయం లేదు. కొంచెం నవ్వు ఉంది. అది గ్లోరికి అప్పుడు అర్థం కాలేదు.

"సాయంత్రం దాకా ఎందుకులే," అన్నాడు. "ఇప్పుడే తీసుకెళ్తా వాణ్ణి."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. గ్లోరి షెడ్డు గోడ పట్టుకుని లేచింది. రోడ్డు మీదికి వచ్చి, తిరువూరు వెళ్తున్న షేర్ ఆటోకి అడ్డం నిలబడింది. డ్రైవరు ఆమె మొహం చూసి, ఉన్న ఇద్దర్నీ వెనక్కి సర్ది ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే, "హనుమయ్యగారి ఇంటికి. నేను వచ్చేదాకా గేటు దగ్గరే ఉండు," అంది.

*

చావింటి వరండా నిండా ఆడవాళ్ళు ఉన్నారు. రేపు చిన్నదినం. అది అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు క్యారేజీల్లో అన్నం తెచ్చి పెట్టారు. గ్లోరి మొహం మీది నెత్తురు చూసి మాటలు ఆగిపోయాయి.

"ఆటో తిరగబడింది," అంది ఆమె. "వెంకాయమ్మగారికి తెలిసినదాన్ని. ఒక్కసారి పలకరించి వెళ్తా."

హనుమయ్య భార్య వెంకాయమ్మ లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. పక్కన కుర్చీలో కూతురు హాసిని. ఇరవై రెండేళ్ళ పిల్ల గ్లాసుతో నీళ్ళు తాగుతుంటే చేతులు రెండూ వణికి, సగం నీళ్ళు ఒళ్ళోకి ఒలికాయి. ముందరి పళ్ళు రెండు లేవు. తల్లి కొంగుతో తుడిచి, గ్లాసు తానే పట్టి తాగించింది.

వెంకాయమ్మ కుడి చెంప మీద కమిలిన మచ్చ ఉంది. ఏడ్చి ఏడ్చి వాచిందని అందరూ అనుకుని ఉంటారు. మెడలో కొత్త పసుపుతాడు. తాడుకి పుస్తెలు రెండు. వాటి మీద పసుపు మందంగా, పేడ అలికినట్టు మెత్తి ఉంది.

గ్లోరి తలుపు దగ్గరికి వేసింది.

"నానుతాడు ఏదమ్మా?"

"తీసేశా. ఇంక ఎవరి కోసం? పెద్దకర్మ దాకా పుస్తెలు ఉండాలి గాబట్టి పసుపుతాడుకి గుచ్చుకున్నా."

"తీశారా, తెగిందా?"

వెంకాయమ్మ చెయ్యి పుస్తెల మీదికి పోయింది. బయట ఎవరో క్యారేజీ మూత తీశారు.

"మీరు పుస్తెల్ని మంట మీద పెడితే మళ్ళీ పసుపు రంగు వచ్చేది," అంది గ్లోరి. "మీ ఆయన చేస్తుంటే చూసే ఉంటారు. ఆ రాత్రి కంగారులో తోచి ఉండదు, ఇప్పుడేమో ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంతమంది మధ్య వాటిని మెళ్ళోంచి తియ్యలేరు. అందుకే ఆ తెలుపు కనపడకుండా పసుపు."

"నువ్వెవరు తల్లీ?"

"అమీర్ తల్లి పంపిన మనిషిని. వాణ్ణి ఇప్పుడు కట్లేరు దగ్గరికి తీసుకెళ్తున్నారు, కాల్చెయ్యడానికి. మీరు కొట్టారని నాకు తెలుసు. ఎందుకు కొట్టారో ఈ పిల్లని చూశాక అడగక్కర్లేదు."

వెంకాయమ్మ కూతురి చెయ్యి వణక్కుండా తన చేతిలో గట్టిగా పట్టుకుని మాట్లాడింది.

"ఆరేళ్ళు ఇంట్లోనే కాల్చాడు. ఆ వంటగది పక్కగదే దీనిది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే, పాదరసం సంగతి బయటపడుద్దని కొట్టేవాడు. కాల్చిన తెల్లారి తనే పొడిదగ్గు దగ్గేవాడు. నోట్లో తుప్పు నాకినట్టుందని మంచినీళ్ళు కూడా ఉమ్మేసేవాడు. అయినా మానలా." గొంతు తగ్గించింది. "మొన్న ఆ పాదరసం పళ్ళెం పారబోద్దామని పోయా. చూశాడు. జుట్టు పట్టి మొహం పళ్ళెంలోకి అదిమాడు. పుస్తెలూ నానుతాడూ అందులో మునిగినయ్యి. తాడు పట్టుకుని మళ్ళీ లాగాడు, తెగింది. నా చేతికి రోకలి దొరికింది."

"ఒక్కసారే కొట్టారు."

వెంకాయమ్మ తలెత్తింది. "నీకెట్టా తెలుసు?"

"ఆయన గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చాడు."

"వచ్చాడు. నీళ్ళు అడిగాడు. నేను ఇచ్చేదాన్నే తల్లీ. చెంబు తీశా." ఆమె వేళ్ళు కూతురి మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. "అప్పుడు ఆ ఎస్సై వచ్చాడు. నెలనెలా వాటా కోసం వచ్చేవాడే. చూశాడు. కింద పడ్డ రోకలి తీసుకుని రెండు చేతులా ఎత్తి వేశాడు. గిన్నెలో ముద్ద జేబులో వేసుకుని, నువ్వు ఇంటికి పో, నోరు తెరిస్తే మొదటి దెబ్బ నీదే, నీ పిల్ల గతి ఆలోచించుకో అన్నాడు."

గ్లోరికి షెడ్డు దగ్గర మణికంఠ చూపులోని నవ్వు గుర్తొచ్చింది. లంచం తిన్నవాడి నవ్వు కాదది. ఆ వెంటనే దగ్గు, ఉమ్మేసిన నీళ్ళు, ఎండలో మూసిన కిటికీలు.

ముద్దని అతను ఎవరికీ ఇవ్వలేడు. తనే కాల్చుకోవాలి. ఎవరూ చూడకుండా కాల్చుకోవాలి.

ఫోను మోగింది. రహమత్‌బీ. మాట రావడంలేదు, ఊపిరే వినపడుతోంది. "జీపులో కాదమ్మా, తన కారులో ఎక్కించాడు. చేతులు వెనక్కి కట్టి. ఒక్కడే. నేను అడ్డం పడుకుంటే కాలు మీద నుంచే..."

"నీ కాలు?"

"నా కాలు పోతే పోయిందమ్మా."

గ్లోరి మణికంఠకి కలిపింది. ఎత్తడనుకుంది. ఎత్తాడు. స్పీకరు నొక్కింది.

"చెప్పక్కా. బస్సు దొరికిందా?"

"ముద్ద పై గదిలోనే కాల్చావు కదా, కిటికీలు మూసి."

అవతల కారు గేరు మారిన చప్పుడు.

"నీకు వచ్చింది జలుబు కాదు మణికంఠా. అమీర్ వాళ్ళ మామ కూడా అలాగే కాల్చాడు, నాలుగో రోజుకి పోయాడు. నీకు ఇది రెండో రోజు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఏం పీల్చావో డాక్టరుకి నిజం చెప్తే చూడగలరు. నువ్వు చెప్పలేవు, చెప్తే ముద్ద నీదగ్గరుందని ఒప్పుకున్నట్టే. నేను చెప్తాను. అమీర్‌ని ప్రాణంతో తీసుకొచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దించు."

"నన్ను బెదిరిస్తున్నావా?" నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. బ్రేకు కీచుమంది. తలుపు తెరిచిన చప్పుడు. "దిగరా. దిగు. మోకాళ్ళ మీద. కట్లు విప్పుతున్నా, పారిపో. పరిగెత్తరా."

"నేను పరిగెత్తను సార్," అని దూరంగా అమీర్ గొంతు. "కాలిస్తే ముందు నుంచే కాల్చండి."

"మణికంఠా," అంది గ్లోరి. "నాతో మాట్లాడు."

జవాబుగా దగ్గు వచ్చింది. ఈసారి ఆగలేదు. ఒకదాని మీద ఒకటిగా, బావిలో బొక్కెన కొట్టుకున్నట్టు. ఆ దగ్గు మధ్యలో ఇసుకలో కాళ్ళు జారిన చప్పుడు, ఎవరో మూలిగిన చప్పుడు, ఆ తర్వాత తుపాకి పేలింది.

హాసిని చేతిలోంచి గ్లాసు జారి పడింది.

ఫోనులో గాలి తప్ప ఏమీ వినపడలేదు. గ్లోరి పేరు పిలవబోయి ఆగింది. ఏ పేరు పిలవాలో తెలియలేదు.

"మేడమ్."

అమీర్.

"సార్ పడిపోయాడు మేడమ్. దగ్గుతూ నా మీద పడ్డాడు, ఇద్దరం పట్టుకున్నాం, పేలింది. నేను నొక్కలా. నోట్లోంచి ఎర్రనురగ వస్తంది. తూటా తగిలిందో లేదో తెలవట్లా. తుపాకి నా చేతిలో ఉంది."

"కింద పెట్టెయ్. దూరంగా జరుగు. రెండు చేతులూ పైకెత్తి నిలబడు."

"పొలాల్లోంచి జనం వస్తన్నారు మేడమ్. కర్రలు పట్టుకుని. పోలీసుని చంపాడని అరుస్తన్నారు. వాళ్ళు నా మాట వింటారా?"

లైను తెగిపోయింది.

గ్లోరి ఫోను కేసే చూస్తూ నిలబడింది. అమీర్‌ని ఇక ఏ లింకూ కాపాడదు. మణికంఠ చనిపోతే రెండో దెబ్బ చూసిన మనిషి లోకంలో ఒక్కరే మిగులుతారు. ఆ మనిషి నోరు మెదపకపోతే ఆమెను అనుమానించేవాళ్ళు ఎవరూ లేరు. రెండు హత్యలూ చేతులు కట్టి తీసుకెళ్ళిన కుర్రాడి మీదికే పోతాయి. వెంకాయమ్మకి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె మొహంలో అది కనిపిస్తూనే ఉంది.

"నా పిల్లని ఎవరు చూస్తారు?" అంది వెంకాయమ్మ, గ్లోరిని కాదు, గోడని అడిగినట్టు.

"డాక్టరుకి నేను చూపిస్తా. మాట ఇస్తున్నా. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏం లేదు."

వెంకాయమ్మ హాసిని చేతిని మెల్లగా ఒళ్ళో పెట్టి లేచింది. నేల మీద ఒలికిన నీళ్ళలో కొంగు తడిపి, పుస్తెలు రెండూ పట్టుకుని తుడిచింది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. లోపల పుస్తెలు వెండికంటే తెల్లగా, సున్నం వేసినట్టు మెరిశాయి. వాటిని చీర మీదికి లాగి, గుండెల మీద అందరికీ కనపడేలా వేసుకుంది.

ఆమె తలుపు తీసేసరికి వరండాలో ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఆడపడుచు ఒకావిడ అడ్డం వచ్చింది. "ఎక్కడికి వదినా? పెద్దకర్మ కాకుండా గడప దాటకూడదు. ఆ పుస్తెలేంటి, అట్టా ఉన్నయ్యి?"

"దారి తియ్యి," అంది వెంకాయమ్మ. "మీ అన్నని మొదట కొట్టింది నేను. రెండోసారి కొట్టినవాడి సంగతి కట్లేరు దగ్గర జనం ముందు చెప్పాలి. ఆ కుర్రాణ్ణి చంపకముందే చెప్పాలి."

ఎవరూ కదల్లేదు. గేటు బయట ఆటో ఇంకా ఇంజిను ఆపలేదు. వెంకాయమ్మ ఆడపడుచుని భుజంతో నెట్టి, తెల్లబడ్డ పుస్తెలు మెడలో ఊగుతుండగా, గడప దాటింది.